తట్టకుండా పోసిన ఇసుక

మిషను ఆన్ చేసి సుమన రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ముందుంటే అవి ఊరుకోవు, ఏదో ఒకటి సర్దుతాయి, తుడుస్తాయి, ముట్టుకుంటాయి. ఇప్పుడు ఏదీ ముట్టుకోకూడదు, బల్లను కూడా. పదకొండు, సరిగ్గా పదకొండు, పన్నెండుకల్లా తేలిపోతుంది. అద్దాల డబ్బాలో నీళ్ల మధ్య, పల్చటి రబ్బరు తొడుగు వేసుకుని, చూపుడువేలంత ఎత్తున ఇసుక నిలబడి ఉంది. ఇసుక నిలబడటమేమిటని మొదటిసారి చూసినవాళ్లు ఎవరైనా అంటారు, నిలబడుతుంది, నాలుగువైపుల నుంచీ గట్టిగా అదిమిపెడితే ఇసుక కూడా నిలబడుతుంది. పైనుంచి ఇనుప కడ్డీ దాని నెత్తిన కూర్చుంది, కిందినుంచి పీట నిమిషానికి పావు మిల్లీమీటరు చొప్పున లేస్తోంది, కంటికి ఆనదు, చీమ చూసినా నవ్వుతుంది, అయినా లేస్తోంది. పక్కన స్టాండుకు సన్నటి గాజు గొట్టం, ఒంటినిండా గీతలు, లోపల నీళ్లు. ఇసుకలోని నీళ్లకూ ఈ గొట్టంలోని నీళ్లకూ దారి ఉంది. ఇసుక కుంగితే దానిలోని నీళ్లు బయటికొచ్చి గొట్టంలో మట్టం పెరుగుతుంది. ఇసుక ఉబ్బితే నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది, మట్టం తగ్గుతుంది. పెరగాలి, పెరగాలి, పెరిగితీరాలి. భయమా అంటే పూర్తిగా భయమూ కాదు, బళ్లో పరుగుపందేనికి సున్నం గీత మీద నిలబడ్డప్పుడు ఇలాగే ఉండేది.

ఈ ఇసుక నిజాంపేట అవతల ఒక ఊళ్లో కట్టబోతున్న నీళ్ల ట్యాంకు కిందిది. పాత వాగు గుంటను ఇసుకతో పూడ్చి, పైన చదును చేసి, అదే మంచి జాగా అనుకున్నారు. నాలుగు కాళ్ల ట్యాంకు, లక్ష లీటర్లు, ఊరంతా దాని నీళ్లే తాగాలి, దాని పక్కనే పిల్లల బడి. నాలుగు కాళ్లలో ఒక్క కాలు బెత్తెడు కుంగినా చాలు. ఆ ఇసుక గట్టిదని, బరువు ఆపుతుందని నాలుగు రోజుల కింద రిపోర్టు రాసి సంతకం పెట్టింది సుమన. ఈ పొద్దున ఏడింటికి అమరేందర్ సార్ ఇంటికి పోయి, ఆయన ఇంకా పళ్లు తోముకుంటుండగానే, ఆ రిపోర్టు తప్పని చెప్పిందీ సుమనే. ల్యాబు ఆయనది, ముప్పై ఏళ్లు రోడ్లూ కాలువలూ కట్టించి రిటైరై మెదక్ బస్టాండు వెనక సందులో రెండు గదుల్లో పెట్టుకున్నది, చిన్న ల్యాబే కానీ జిల్లాలో ఆయన సంతకానికి మర్యాద ఉంది. నోట్లోని నురగ ఉమ్మి ఆయన ఒకటే అడిగాడు. "తప్పని నీకు అనిపిస్తుందా, ఎరుకనా?" అనిపిస్తుంది సార్, అంది. "అనిపిస్తే కాంక్రీటు ఆగదు సుమనా. కాంట్రాక్టరు దామోదర్ పన్నెండున్నరకు పోస్తడు, అన్నీ తయారు పెట్టుకున్నడు. చూపెట్టు. పన్నెండు దాంక నీ టైం." ఎంత మంచి మాట అది, చూపెట్టు అన్నది, తిట్టినా ఇంత హుషారు వచ్చేది కాదు, స్కూటీ మీద ల్యాబుకు వస్తుంటే చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి ఆపేదాకా ఎంత వేగంగా వస్తోందో తనకే తెలియలేదు.

మొదటి గీత ఎక్కింది. ఎక్కనీ, ఇది లెక్కలోకి రాదు, మొదటి మూడు గీతలూ ఏ ఇసుకకైనా మట్టం ఎక్కుతుంది, గట్టిదైనా వదులుదైనా మొదట నెత్తిన బరువు పడగానే కాస్త సర్దుకుంటుంది, మనుషులు కూడా అంతే కదా. అసలు కథ ఆ తర్వాతే. మొన్నటి పరీక్షలో మూడు గీతలు ఎక్కి, ఒక్క క్షణం ఆగి, గిర్రున తిరిగి కిందికి దిగింది మట్టం, దిగుతూ దిగుతూ ముప్పై గీతలు. పైన ఇసుక ఆపే బరువు చూపించే డయల్లో ముల్లు ఎనభై ఒకటి దాకా పోయి, అక్కడ నుంచి జారింది, ఇసుక స్తంభానికి ఏటవాలుగా చీలిక పడింది, పైముక్క కిందిముక్క మీద జారింది. ఎంత అందంగా విరిగిందో, పుస్తకంలో బొమ్మలా విరిగింది, ఫొటో కూడా తీసుకుంది. గట్టి ఇసుక అలాగే విరుగుతుంది. కాలేజీలో ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు సుమన క్లాసులో చెయ్యెత్తి, నొక్కితే ఉబ్బడమేంది సార్ అని అడిగితే వెనక బెంచీలు నవ్వాయి. నొక్కితే ఉబ్బడం! ఇంటికి పోయేటప్పుడు తూప్రాన్ బస్సులో నిలబడితే అర్థమైంది. కిక్కిరిసిన బస్సులో మధ్యలో ఒకడు దిగాలంటే అందరూ ఒకరి మీదికి ఒకరు ఎక్కాలి, తలుపు దగ్గరివాళ్లు బయటికి వేలాడాలి, బస్సు ఉబ్బుతుంది. అదే వదులుగా నిలబడ్డ బస్సులో డ్రైవరు ఒక్క బ్రేకు కొడితే అందరూ ముందుకు జరిగి సర్దుకుంటారు, వెనక ఇంకో పదిమందికి జాగా వస్తుంది. గట్టి ఇసుకలో గింజ కదలాలంటే పక్క గింజ భుజం ఎక్కాలి. వదులు ఇసుకలో కదిలితే సందులో పడిపోతుంది. అంతే, అంతకంటే ఏమీ లేదు, అయినా ఆ రోజు బస్సులో ఒక్కతే నవ్వుకుంటుంటే కండక్టరు అదోలా చూశాడు.

అంతకుముందే, చాలా ముందే తెలుసు నిజానికి. మంజీర ఒడ్డున, ఆరేడేళ్ల వయసులో, నాయిన భుజం దిగి తడి ఇసుకలో అడుగేస్తే పాదం చుట్టూ తడి మాయమై తెల్లటి పొడి ఇసుక కనిపించింది. కాలు తీస్తే మళ్లీ తడి. మళ్లీ వేస్తే మళ్లీ పొడి. నీళ్లు యాడికి పోయినయ్ నాయినా అంటే ఆయన ఏ మాత్రం ఆలోచించకుండా, "నీ కాలు తాగింది బిడ్డా" అన్నాడు. ఎన్ని రోజులు నమ్మిందో ఆ మాట, అరికాలు తిప్పి తిప్పి చూసుకునేది, నోరెక్కడుందో అని. ఇప్పుడు తెలుసు తాగింది ఇసుకేనని, కాలు నొక్కితే ఇసుక ఉబ్బి పై నీళ్లు పీల్చుకుందని, కానీ నాయిన చెప్పింది మరీ అంత తప్పు కాదు, ఎవరో తాగారన్నది నిజమే. రెండో గీత. ఆహా. పదకొండూ ఆరు. డయల్లో ముల్లు ఇరవై నాలుగు. మొన్న ఇదే నిమిషానికి యాభై దాటింది! యాభై దాటింది కదూ, రిజిస్టరు తెరిచి చూద్దామనుకుని, రిజిస్టరు బల్ల మీద ఉంది, బల్ల ముట్టుకోవద్దు, గుర్తుందిలే, యాభై రెండు.

నిన్న సాయంత్రం దాకా ఏ అనుమానమూ లేదు. ల్యాబు నుంచి ఇంటికి పోతూ మార్కెట్లో అమ్మ దగ్గర ఆగింది. సుమన అమ్మ యాదవ్వ మార్కెట్ మూలమీద పుట్నాలు, ప్యాలాలు అమ్ముతుంది, ఇరవై ఏళ్లుగా అదే జాగా, కిలోల కాటా ఉన్నా ఎవరూ అడగరు, ఆమె చేతిలోని ఇత్తడి సోలనే అడుగుతారు. ఎందుకంటే యాదవ్వ సోల నింపే తీరు వేరు. పోస్తుంది, అరచేత్తో పక్కన రెండుసార్లు తడుతుంది, గింజ దిగుతుంది, దిగినచోట మళ్లీ పోస్తుంది, పైన కొప్పు పెడుతుంది. తట్టకుండా పోసేవాళ్లను ఆమె మనుషుల్లో లెక్కవెయ్యదు. "తట్టక పోస్తే సగం గాలి అమ్మినట్టు. గాలి అమ్ముకొని బతుకుతమా మనం?" అంటుంది. సుమన పక్కన గోనె మీద కూర్చుని ఆ చేతిని చూస్తోంది, ఊరికే, ఆకలికి పుట్నాలు నముల్తూ చూస్తోంది, పోసింది, తట్టింది, తట్టింది, మళ్లీ పోసింది, అప్పుడు తన అరచెయ్యి జిలజిలమంది. నోట్లో పుట్నాలు నోట్లోనే ఉండిపోయాయి. ఎక్కడికే అని అమ్మ అరుస్తుంటే వినిపించుకోకుండా లేచి ల్యాబుకు పరుగెత్తింది.

అటెండరు మల్లేశన్న షట్టరు సగం దించి ఉన్నాడు. రిజిస్టరు లాగింది. గిన్నెలో ఇసుక బరువు ముందు ఎంత, అచ్చులో నింపాక గిన్నెలో మిగిలింది ఎంత, రెండూ తన చేతిరాతే, గుండ్రటి అక్షరాలు, తీసేస్తే నూట నలభై మూడు గ్రాములు. అంత చిన్న అచ్చులో నూట నలభై మూడు! సైటులో గుంట తవ్వి కొలిచిన వదులుకు ఆ అచ్చులో పట్టాల్సింది నూట ఇరవై నాలుగు. పంతొమ్మిది గ్రాములు ఎక్కువ పట్టింది, ఎట్లా పట్టింది, తడితేనే పట్టింది. ఒక్క గుప్పెడు. ఆ గుప్పెడు వల్ల వదులు ఇసుక గట్టి ఇసుక అయింది, గట్టి ఇసుక ఎనభై ఒకటి దాకా పోయింది, రిపోర్టు మీద సంతకం పడింది. బరువులు రాసింది కానీ తీసేసి చూడలేదు, సైటు లెక్కే పైన ఎక్కించేసింది, అంత నమ్మకం తన చేతి మీద. సిగ్గు లేకుండా చెప్పాలంటే మొదట మల్లేశన్న తట్టి ఉంటాడని అనుకుంది, అనుకోవాలని చూసింది, పాపం ఆయన ఆ రోజు ల్యాబులోనే లేడు, కొల్చారంలో పెళ్లికి పోయాడు. తట్టింది తన ఎడమ చెయ్యే. నిండుగా కొలవాలని, ఎవరికీ తక్కువ కాకూడదని, ఇరవై ఏళ్లు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి అది, తనను అడక్కుండా తట్టింది. గాలి అమ్మకూడదనుకున్న చెయ్యి! ఆ ఊళ్లో ఇసుకలో ఉన్నదే గాలి, కొలవాల్సింది ఆ గాలినే.

మూడో గీత. మట్టం మూడో గీత మీద ఆగింది. పదకొండూ పది. ఆగిందా? ఆగింది. సుమన మోకాళ్ల మీద కూర్చుని కంటిని గీతకు సమానంగా పెట్టింది, ఆగింది, ముందుకూ లేదు వెనక్కీ లేదు, వద్దు వద్దు దిగకు, మొన్న కూడా సరిగ్గా ఇక్కడే ఆగింది, ఇక్కడ ఆగాకే తిరిగింది. పొద్దున మూడుసార్లు నింపాల్సివచ్చింది ఈ స్తంభాన్ని. మొదటిసారి గరాటు ఎత్తుతుండగా ఎడమ చెయ్యి టప్‌మని తట్టింది. పారబోసింది. రెండోసారి జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి, అంతా అయిపోయిందనుకున్న చివరి గుప్పెటకు మళ్లీ టప్. దాన్ని ఏమనాలో తెలియక సుమన తన చేతి మీద తనే ఒకటి వేసుకుంది. మూడోసారి మల్లేశన్నను పిలిచి, ఎడమ చేతిని చున్నీతో కుర్చీకి కట్టమంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎన్నో పరీక్షలు చూసినవాడు, చున్నీ పట్టుకుని నిలబడిపోయాడు. "గిదేం పరీక్ష తల్లీ? ఇసుకకా, నీకా?" ఇద్దరికీ అన్నా, గట్టిగా కట్టు, అంది. కట్టాడు. కుడి చేత్తో గరాటును వెంట్రుకవాసి వెంట్రుకవాసి పైకెత్తుతూ, ఇసుక పడుతున్నట్టు కూడా తెలియకుండా పోసింది, తూచి పెట్టుకున్న నూట ఇరవై నాలుగు గ్రాములూ అచ్చు అంచు దాకా వచ్చాయి, ఒక్క గింజ మిగల్లేదు, ఒక్క గింజ తక్కువ కాలేదు. అప్పుడు సుమన కేక వేసింది. కేకకు గింజలు కదులుతాయేమోనని వెంటనే నోరు మూసుకుంది.

"సుమనమ్మా, చాయ్. పొద్దటి సంది ఏం తినకపోతివి." మల్లేశన్న రెండు గ్లాసులతో వచ్చాడు. బల్ల మీద పెట్టబోతే సుమన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తింది. "పెట్టకన్నా. జర చేతులనే ఉంచుకో."

"కాలుతున్నయే తల్లీ. ఎంతసేపు?"

"నాలుగో గీత దాంక."

ఆయన గీతల కోసం వంగి చూసి, ఏ గీత ఏదో తెలియక, రెండు గ్లాసులూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పన్నెండో నిమిషం. పదమూడు. బయట ఏదో లారీ పోయింది, కిటికీ అద్దం జల్లుమంది, సుమన ఒళ్లు కూడా. ఈ ఇసుక గట్టిదే అయితే? తన లెక్కే తప్పయితే, సైటులో గుంట తవ్వి కొలవడంలోనే పొరపాటయితే, మొన్నటిదే నిజమైతే? అప్పుడు ట్యాంకుకు ఏమీ కాదు, ట్యాంకు సుఖంగా ఉంటుంది, పోయేది తన మాట. బాగుందన్నది, బాగాలేదన్నది, మళ్లీ బాగుందన్నది అని జిల్లాలో ఇంజనీర్లందరూ చెప్పుకుంటారు, ఆ పిల్లనా అంటారు, సార్ ఏమీ అనడు, అనకపోవడమే పెద్ద బాధ. కానీ నూట నలభై మూడు, నూట ఇరవై నాలుగు, అంకెలు అబద్ధం ఆడవు కదా, ఆడవు, మరి ఎందుకు ఆగాయి ఈ నీళ్లు, ఎక్కవేం, ఎక్కండి, అసలు అరనిమిషానికోసారి చూస్తుంటే ఏ నీళ్లు ఎక్కుతాయి, పాల గిన్నె కూడా చూస్తుంటే పొంగదు. కళ్లు మూసుకుని అరవై లెక్కపెట్టాలి. ఇరవై దగ్గరే తెరిచింది.

మూడో గీతకూ నాలుగో గీతకూ మధ్య ఉంది నీళ్ల అంచు.

సుమన కదల్లేదు. చూస్తూ ఉండగానే, కళ్ల ముందే, గాజు గొట్టం గోడను పట్టుకుని నీళ్ల అంచు నాలుగో గీతను ముట్టింది, దాటింది. "ఎక్కిందన్నా!" అంది, గొంతు తనది కానట్టు వచ్చింది. "ఎక్కిందా? చాయ్ పెట్టొచ్చునా?" "పెట్టు! తాగు! నాది కూడా నువ్వే తాగు!" ఐదో గీత, ఆరో గీత. తిరగలేదు. దిగలేదు. ఇసుక కుంగుతోంది, ఎంచక్కా కుంగుతోంది, గింజ పక్క సందులోకి గింజ, దాని పక్క సందులోకి ఇంకో గింజ, లక్షల గింజలు జాగా చూసుకుని పడిపోతున్నాయి, లోపలి నీళ్లు బిలబిలమని బయటికొస్తున్నాయి, ఆ రబ్బరు తొడుగు లోపల ఏం జరుగుతోందో సుమన చెవితో వింటున్నట్టే ఉంది. ఎంత అందంగా ఉందో, మొన్నటి చీలిక కంటే ఎంత అందంగా ఉందో, అయ్యో ఫొటో, ఫోను ఎక్కడ పెట్టింది.

పదకొండున్నరకు అమరేందర్ సార్ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, నేల అదరకుండా నడిచి వచ్చాడు, ముప్పై ఏళ్ల అలవాటు. "ఎంత దాంక?" "పదహారు గీతలు సార్." "దిగనే లేదా?" "ఒక్క గీత దిగలే." ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి గొట్టం దగ్గర వంగాడు, తర్వాత డయలు దగ్గర, తర్వాత మళ్లీ గొట్టం దగ్గర. రిజిస్టరులో నూట నలభై మూడు కింద సుమన ఎర్రపెన్నుతో గీసిన గీత చూశాడు. స్టూలు లాక్కోబోయి, చప్పుడవుతుందని చేతుల్తో ఎత్తి తెచ్చి పక్కనే వేసుకుని కూర్చున్నాడు. పద్దెనిమిది. ఇరవై. "ఎక్కుతనే ఉన్నదే!" అన్నాడు సార్ ఉన్నట్టుండి, చిన్నపిల్లవాడిలా తొడ మీద చరుచుకుని, మళ్లీ చప్పుడు చేశానేమోనని నాలుక కరుచుకున్నాడు. సుమనకు నవ్వాగలేదు. తన రిపోర్టు తప్పని తేలుతుంటే ఇంత సంబరపడే మనిషి ఇంకెవరైనా ఉంటారా, తన సంతకం తన కళ్ల ముందే నీళ్లపాలవుతుంటే గెంతాలనిపించే మనిషి ఎవరైనా ఉంటారా, ఉంటారు, ఇక్కడ స్టూలు మీద ఇంకొకాయన ఉన్నాడు.

పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. డయల్లో ముల్లు యాభై ఆరు దగ్గర నిలబడింది, ఎంత నొక్కినా అంతే, జారదు, పెరగదు. ఎక్కడా చీలిక లేదు. స్తంభం నడుము దగ్గర నిదానంగా లావెక్కి, పొట్టిగా బొద్దుగా కిందికి కూర్చుంది, ఇదీ విరగడమే, చప్పుడు లేని విరగడం, నేను విరుగుతున్నాను అని చెప్పకుండానే కుంగిపోవడం. ట్యాంకు కింద ఇలాగే కూర్చునేది. నింపిన రోజున కాకపోవచ్చు, మొదటి వానకు కాకపోవచ్చు, వాగు మళ్లీ పారి కింద నీళ్లు ఊరిన ఏడాది, బడిలో పిల్లలు అన్నాలు తింటున్న వేళ. ఇరవై ఆరో గీత దగ్గర నీళ్లు ఆగాయి. సార్ స్విచ్ ఆపి, జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి సుమన చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు. నీ సంతకం గద."

దామోదర్ మొదటి రింగుకే ఎత్తాడు. అటువైపు కాంక్రీటు మిక్సరు గరగరమని తిరుగుతోంది, దాని మీదుగా ఆయన అరవాల్సివస్తోంది. "చెప్పుండ్రి సార్, జర ముందుగనే షురూ చేస్తున్నం."

"సార్, నేను సుమనను, ల్యాబు నుంచి. పొయ్యకుండ్రి. మొన్న నేనిచ్చిన రిపోర్టు తప్పు."

"ఏంది మేడం? మాలంతా కలిపి పెట్టినం, మనుషులు నిలవడ్డరు. బాగుందని సంతకం చేసింది మీరే గద! ఇప్పుడు మీ ఏ మాట నమ్మాలె?"

సార్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, సాయం చేసేలా లేడు. లోపల ఆ హుషారు ఇంకా కొట్టుకుంటూనే ఉంది, ఇరవై ఆరు గీతలు, ఇరవై ఆరు.

"ఇయ్యాల్టి మాట నమ్ముండ్రి సార్. మొన్న నేను ఇసుకను తట్టి కొలిచిన, తప్పు నాదే. మీ దగ్గర ఎవ్వరు తట్టలే దాన్ని, ఊరికే పోసిండ్రు. ఇయ్యాల మీ గుంటల ఎట్లున్నదో గట్లనే కొలిచిన, నా కండ్ల ముంగట కుంగింది. పునాది లోతు మొత్తం తీసి, జానెడు జానెడు పోసి, తడిపి, రోలరు తోని తొక్కియ్యుండ్రి. గప్పుడు నేనే వచ్చి కొలుస్త. నా పేరు మీదనే రాసిస్త."

ఫోను ఆగిపోయిందేమోనని సుమన తెరవైపు చూసింది, సెకన్లు నడుస్తున్నాయి, లైనులోనే ఉన్నాడు. మిక్సరు తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది, ఎవరో ఎవరినో దూరం నుంచి ఏమైందని అడుగుతున్నారు. మల్లేశన్న ఖాళీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సార్ కిటికీ దగ్గర నుంచి మెల్లగా ఇటు తిరిగాడు.

మిక్సరు చప్పుడు ఆగింది.